వాడేసిన చొక్కాకు ఖరీదు కట్టేదెవరు?

(జౌళి, ఫ్యాషన్ కోర్సుల విద్యార్థులు, చేనేత కార్మికులు పాల్గొన్న ఒక సదస్సులో చేసిన ప్రసంగం. చివర సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. భోజనాలయిన వెంటనే నాకు సమయం కేటాయించినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు చెప్పాలో, నిష్ఠూరమాడాలో తెలియడం లేదు. (నవ్వులు) నిద్ర వచ్చినవాళ్లు మొహమాటపడకండి. వెనక వరుసలు అందుకే ఉన్నాయి.

ఫ్యాషన్ పరిశ్రమలో వృత్తాకార సరఫరా గొలుసుల మీద నేను పరిశోధన చేస్తున్నాను. పేరు గంభీరంగా ఉంది కానీ పని మామూలుదే. బట్ట మన ఒంటి మీద నుంచి దిగాక ఎవరి చేతుల్లోకి వెళ్తుంది, ఏ గోదాములో ఆగుతుంది, మళ్లీ దారమై ఎవరి మగ్గం ఎక్కుతుంది, ఈ దారిలో ఎవరికి డబ్బు మిగులుతుంది, ఎవరికి దుమ్ము మిగులుతుంది, ఇవన్నీ రాసుకోవడమే నా పని.

ఈ ప్యాంటు చూడండి. (వేదిక మీద ఒక పాత జీన్స్ ప్యాంటు విప్పి చూపిస్తూ) లోపల చీటీ మీద 98 శాతం పత్తి, 2 శాతం ఎలాస్టేన్ (రబ్బరులా సాగే పీచు) అని ఉంది. దీన్ని మళ్లీ దారం చెయ్యాలంటే ముందు చెయ్యాల్సిన పనులు చెబుతాను. నడుము దగ్గర ఇత్తడి గుండీ పీకాలి. జేబుల మూలల్లో ఉన్న రాగి రివెట్లను బట్టతో సహా కోసేయాలి. జిప్పు తియ్యాలి. వెనక అంటించిన తోలు ముక్క ఊడదియ్యాలి. ఇంత చేశాక కూడా కుట్లు మిగులుతాయి. ఆ కుట్టు దారం చాలావరకు పాలిస్టరే, చీటీ మీద దాని ఊసే ఉండదు. చివరికి మిగిలేది ఆ 2 శాతం ఎలాస్టేన్. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పత్తి పోగులు చీలి విడిపోతుంటే అది మాత్రం సాగి, ముళ్ల రోలర్లకు చుట్టుకుని మిల్లు ఆపించేస్తుంది. మనకు కూర్చుంటే బిగుతుగా ఉండకూడదు, లేస్తే వదులుగా ఉండకూడదు. ఆ సుఖానికి మూల్యం పదేళ్ల తర్వాత ఇంకెవరో చెల్లిస్తారు.

ఆ ఇంకెవరో ఎక్కువగా ఉండే ఊరు హర్యానాలోని పానిపట్. చరిత్ర పాఠంలో మూడు యుద్ధాలు చదివి ఆపేశాం కానీ, బట్టల చరిత్రలో కూడా ఆ ఊరికి పెద్ద అధ్యాయమే ఉంది. దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన నేతగాళ్లు అక్కడ స్థిరపడ్డారు. తర్వాతి కాలంలో ఐరోపా, అమెరికాలలో వదిలేసిన ఉన్ని బట్టల బేళ్లు అక్కడికి రావడం మొదలైంది. నిజానికి ఈ విద్య ఇంకా పాతది. పాత ఉన్నిని చింపి, మళ్లీ వడికి 'షాడీ' అనే బట్ట నెయ్యడం 1813 ప్రాంతంలో ఇంగ్లండులోని బాట్లీ పట్టణంలో మొదలైంది. తర్వాత ఇటలీలోని ప్రాటో దానికి రాజధాని అయింది. కూలీ ఖర్చు తక్కువగా ఉన్న చోటును వెతుక్కుంటూ ఆ పనిలో పెద్ద భాగం పానిపట్ చేరింది.

అక్కడ పని జరిగే తీరు చెబుతాను. నేల మీద నిలువుగా బిగించిన కత్తి ముందు ఆడవాళ్లు కూర్చుంటారు. మన ఇళ్లలో కత్తిపీట ముందు కూర్చున్నట్టే. కోటును రెండు చేతులతో పట్టుకుని కత్తి మీదుగా లాగితే అస్తరు ఒక పక్కకు, ఉన్ని ఒక పక్కకు పోతాయి. గుండీలు ఒక గంపలో, జిప్పులు ఇంకో గంపలో పడతాయి. వాటికి కూడా బేరముంది. తర్వాత రంగుల వారీగా కుప్పలు పోస్తారు. ఎరుపులో ముదురు వేరు, లేత వేరు. అసలు నేర్పంతా అక్కడే ఉంది. రంగులు సరిగ్గా విడగొడితే ఆ దారానికి మళ్లీ రంగు అద్దక్కర్లేదు. అద్దకానికి పోసే నీళ్లు, రసాయనాలు మిగిలినట్టే. కంప్యూటరు ముందు కూర్చుని రంగుల పట్టిక చూసే డిజైనరుకు ఏమాత్రం తీసిపోని కన్ను ఆ కుప్పల దగ్గర కూర్చున్నవాళ్లకు ఉంటుంది. జీతాల మధ్య తేడా నేను చెప్పనక్కర్లేదు.

అంతా చల్లగా ఉందని అనుకోకండి. చింపే యంత్రం గదిలో పీచు దుమ్ము మంచులా కమ్ముకుని ఉంటుంది. చాలామంది ముఖానికి కట్టుకునేది చున్నీయే. రంగు తీసే బ్లీచింగ్ యూనిట్లు వదిలే మురుగునీటి మీద ఫిర్యాదులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. పునర్వినియోగం అన్న మాట వినగానే పచ్చటి ఆకు బొమ్మ వేసే అలవాటు మనకుంది. ఆ గదిలో ఒక పూట నిలబడితే ఆ బొమ్మ వెయ్యడానికి చెయ్యి రాదు.

పానిపట్ షాడీ దుప్పట్లు చాలాకాలం ప్రపంచమంతా తిరిగాయి. భూకంపం వచ్చినా, యుద్ధం వచ్చినా సహాయ సంస్థలు పంచిన బూడిదరంగు దుప్పట్లలో ఎక్కువ భాగం అక్కడివే. తర్వాత పాలిస్టర్ ఫ్లీసు దుప్పటి వచ్చింది. తేలిక, మెత్తన, చవక. షాడీ మిల్లులు చాలా మూతపడ్డాయి, కొన్ని తామే ఫ్లీసు తయారీకి మారాయి. మిగిలినవాటిలో చాలా మిల్లులు ఉన్ని వదిలేసి పత్తి వ్యర్థాల వైపు తిరిగాయి. పునర్వినియోగ పరిశ్రమ మీద కొత్త పెట్రోలియం పీచు చవకదనం వేసిన దెబ్బ ఇది. ఇందులో పానిపట్ మిల్లుల చేతకానితనం ఏమీ లేదు. వాళ్ల సరుకు బాగానే ఉంది, దాన్ని కొనేవాడు మారిపోయాడు. నా పరిశోధనలో ఏ దేశం లెక్క తీసినా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతోంది.

పత్తి వ్యర్థం ఎక్కడి నుంచి వస్తుంది? తిరుప్పూరు బనియన్ల కత్తిరింపు ముక్కల నుంచి. బంగ్లాదేశ్‌లో 'ఝూట్' అని పిలిచే ఫ్యాక్టరీ తుక్కు నుంచి. అక్కడ ఏ ఫ్యాక్టరీ ఝూట్ ఎవరు ఎత్తాలన్నది స్థానిక రాజకీయ బలం తేల్చే వ్యవహారం. ప్రాణాల మీదికి వచ్చిన గొడవలూ ఉన్నాయి. చెత్త కోసం కొట్లాట ఏమిటి అనుకుంటాం కానీ, అది చెత్త కాదని వాళ్లకు మనకంటే ముందే తెలుసు.

ఫ్యాక్టరీ ముక్కలకు గిరాకీ ఎందుకంటే, అది ఏ పీచో ఖాయంగా తెలుసు. ఒకే రంగు, ఒకే రకం, తొడగనిది, ఉతకనిది. ఒంటి మీద నుంచి దిగిన బట్ట సంగతి అలా కాదు. మనం కొత్త బట్ట కుట్టించాలంటే ఒక్క ఆర్డరు చాలు. పదివేల చొక్కాలు, ఈ కొలత, ఈ రంగు, ఈ తేదీ. తిరిగి వచ్చే పదివేల చొక్కాలలో ఏ రెండూ ఒకలా ఉండవు. ఎప్పుడు వస్తాయో తెలియదు, ఎన్ని వస్తాయో తెలియదు. పైగా ఒక్కొక్కదాన్నీ ఒక మనిషి చేత్తో ఎత్తి చూడాలి.

ఆ చూడటం మన దేశంలో పెద్ద ఎత్తున జరిగే చోటు గుజరాత్‌లోని కాండ్లా. 1965లో దేశంలోనే మొదటి ఎగుమతి మండలంగా ఏర్పడింది. తొడుక్కోదగ్గ పాత బట్టలను మన దేశంలోకి స్వేచ్ఛగా తెచ్చి అమ్మడానికి వీల్లేదు. అందుకే కాండ్లాలోని యూనిట్లు విదేశీ బేళ్లు విప్పి, బాగున్నవి ఏరి ఆఫ్రికా దేశాలకు తిరిగి పంపుతాయి. మిగిలినవాటిని తొడగడానికి వీల్లేకుండా కత్తిరించి పానిపట్ లాంటి చోట్లకు పంపుతాయి. బల్ల ముందు నిలబడ్డ మనిషి ఒక బట్టకు ఇచ్చే సమయం కొన్ని సెకన్లు. కాలరు చూస్తుంది, చంకలు చూస్తుంది, చేత్తో నలిపి పీచు గుర్తుపడుతుంది, విసురుతుంది. తరగతులు వందల్లో ఉంటాయి. పరారుణ కాంతితో పీచును గుర్తించే యంత్రాలు వచ్చాయి. అవి పైపొరను చదువుతాయి, నల్ల బట్ట దగ్గర తడబడతాయి, చంక కింద చిరుగును పట్టుకోలేవు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇవి పాఠం కోసం నేను వేసుకున్న అంకెలు, ఏ కంపెనీవీ కావు. నూరు కిలోల బేలు తీసుకోండి. సేకరించి, తెచ్చి, వేరుచేయడానికి కిలోకు 40 రూపాయలు, అంటే మొత్తం 4,000. అందులో 10 కిలోలు మేలు రకం, కిలో 250కి పోతుంది: 2,500. ఇంకో 40 కిలోలు మామూలు రకం, కిలో 40: 1,600. మరో 40 కిలోలు చింపడానికి, కిలో 5: 200. చివరి 10 కిలోలు ఎందుకూ పనికిరావు, పారెయ్యడానికి మనమే 50 ఖర్చు పెట్టాలి. చేతికి వచ్చేది 4,250. మిగులు 250 రూపాయలు.

ఇప్పుడు ఒకే ఒక్క అంకె మార్చండి. మేలు రకం 10 నుంచి 7 కిలోలకు తగ్గింది, ఆ 3 కిలోలు మామూలు రకంలో కలిశాయి. వచ్చేది 3,620. అంటే 380 రూపాయల నష్టం. నూటికి మూడు కిలోల నాణ్యత తగ్గితే వ్యాపారం మునిగిపోయింది. చవక ఫ్యాషన్ చేస్తున్నది సరిగ్గా ఇదే. నాలుగు ఉతుకులకు సాగిపోయే టీషర్టు ఎవరి బేలులోనూ మేలు రకం కాదు. పై మీగడ అమ్మిన డబ్బుతోనే అడుగు సరుకును శుభ్రం చేసే ఈ ఏర్పాటులో ముందు పలచబడింది మీగడే. జర్మనీలో పాత బట్టలు సేకరించి వేరుచేయడంలో పెద్ద పేరున్న సోయెక్స్ సంస్థ 2024లో దివాలా ప్రక్రియకు వెళ్లింది. మరోపక్క 2025 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య దేశాలన్నీ పాత బట్టలను విడిగా సేకరించాలని చట్టం చెబుతోంది. డబ్బాలు నిండుతున్నాయి. డబ్బాలు ఖాళీ చేసేవాడి దుకాణం మూతపడుతోంది.

మేలు రకం కానిదంతా ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలంటే ఘనా రాజధాని అక్రాలోని కాంటామాంటో సంత గురించి వినాలి. అక్కడి వ్యాపారి అప్పు చేసి బేలు కొంటుంది. లోపల ఏముందో విప్పేదాకా తెలియదు. కయాయే అని పిలిచే కూలి అమ్మాయిలు ఆ బరువును నెత్తిన మోస్తారు. వారానికి కోటిన్నర బట్టలు ఆ సంతకు వస్తాయని తరచూ చెప్పే లెక్క. అమ్ముడుపోనివి కాలువల్లోకి, సముద్రపు ఒడ్డుకు చేరుతాయి. 2025 జనవరి మొదట్లో ఆ సంతలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వేలమంది ఉపాధి బుగ్గిపాలైంది. ఐరోపాలో ఇప్పుడు తయారీదారు నుంచి ప్రతి బట్టకూ రుసుము వసూలు చేసే పద్ధతి వస్తోంది. ఫ్రాన్సులో అది 2007 చట్టంతోనే మొదలైంది. ఘనా వాళ్లు అడుగుతున్నది ఒక్కటే: బట్ట మా దగ్గరికి వస్తే రుసుము కూడా మా దగ్గరికి రావాలి కదా? ఇంతకంటే సూటిగా ఈ రంగంలో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. దీనికి ఇంతవరకు సరైన జవాబు రాలేదు.

ఇక కొత్త సాంకేతికత అన్నిటినీ తీరుస్తుందనే ఆశ గురించి. పాత బట్టను చింపితే పింజ పొడవు తగ్గుతుంది, అందుకే కొత్త పత్తి కలపాలి, ముతక దారమే వస్తుంది. రసాయనాలతో కరిగిస్తే ఆ ఇబ్బంది ఉండదు. స్వీడన్‌లోని రెన్యూసెల్ కంపెనీ ఆ పని చేసి చూపించింది. పత్తి ఎక్కువగా ఉన్న పాత బట్టలను కరిగించి గుజ్జు తయారుచేసేది. దాని నుంచి విస్కోస్ అనే పీచు తీయవచ్చు. సుండ్‌స్వాల్ అనే ఊళ్లో, మూతపడిన కాగితం మిల్లు ఆవరణలో, ఏడాదికి 60,000 టన్నుల సామర్థ్యంతో 2022లో ఫ్యాక్టరీ మొదలైంది. పెద్ద బ్రాండ్లు పొగిడాయి, ఒప్పంద పత్రాల ముందు ఫొటోలు దిగాయి. హెచ్ అండ్ ఎమ్ అందులో వాటాదారు కూడా. 2024 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది.

ఎందుకు? యంత్రం పనిచేసింది, గుజ్జు బాగానే ఉంది. కానీ బ్రాండు గుజ్జు కొనదు, చొక్కా కొంటుంది. గుజ్జు కొనాల్సింది విస్కోస్ తయారీదారు. అతని దగ్గర పీచు కొనాల్సింది నూలు మిల్లు. ఆ తర్వాత నేత మిల్లు, అద్దకం, కుట్టే ఫ్యాక్టరీ. విస్కోస్‌కు మామూలుగా వాడే చెట్టు గుజ్జు కంటే ఇది ఖరీదు. ఆ అదనపు ధర ఎవరు భరించాలన్న దగ్గర ప్రతివాడూ పక్కవాడి వైపు చూశాడు. వేదిక మీద ప్రకటన చేసిన బ్రాండు నుంచి, ఇంత ధరకు ఇన్ని టన్నులు అని నూలు మిల్లు చేతికి కాగితం రాలేదు. అదే ఏడాది ఆల్టర్ అనే పెట్టుబడి సంస్థ దాన్ని కొని, సర్క్యులోజ్ అని పేరు మార్చింది. నా విద్యార్థులకు ఈ కథ మొదటి వారంలోనే చెబుతాను. బ్రాండ్ల వార్షిక నివేదికలు చదివేటప్పుడు లక్ష్యం 2030 అన్న వాక్యం దగ్గర ఆగిపోకండి, వచ్చే ఏడాది కొనుగోలు ఎన్ని టన్నులు అని వెతకండి అని చెబుతాను. సాధారణంగా ఆ అంకె దొరకదు.

పునర్వినియోగ పాలిస్టర్ గురించి ఒక్క మాట. 2023లో ప్రపంచంలో తయారైన పీచు సుమారు 12.4 కోట్ల టన్నులు, అందులో సగానికి పైగా పాలిస్టర్. 'రీసైకిల్డ్' అని చీటీ ఉన్న పాలిస్టర్ దాదాపు అంతా నీళ్ల సీసాల నుంచి వచ్చిందే, పాత బట్టల నుంచి కాదు. సీసా మళ్లీ సీసా కాగలదు. చొక్కా అయ్యాక అది మళ్లీ చొక్కా కావడం చాలా అరుదు. పైన పటారం, లోన లొటారం. పాత బట్టల నుంచి కొత్త బట్టలయ్యేది ఒక శాతం కూడా లేదని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో చెప్పిన మాటను మార్చి రాసుకోవాల్సిన అవసరం నాకు ఇప్పటికీ కనిపించలేదు.

మన దేశం సంగతి. ఫ్యాషన్ ఫర్ గుడ్ సంస్థ 2022 నివేదిక ప్రకారం ఏటా 78 లక్షల టన్నుల దాకా జౌళి వ్యర్థం మన దగ్గర పోగవుతోంది. దిగుమతి అయ్యేది అందులో 7 శాతమే. సగం మన ఇళ్ల నుంచి వచ్చేదే. కాబట్టి విదేశీ చెత్త అని కోపగించుకోవడం ఒక మేరకే సబబు. మన ఇళ్లకు పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు వచ్చేవాళ్లు, ఇప్పటికీ కొన్ని వీధులకు వస్తారు. చీరను ఎండకెత్తి చిల్లులు చూసి, ఈ మూడు చీరలకు ఈ గిన్నె రాదమ్మా, ఇంకో ప్యాంటు వెయ్యి అని బేరమాడతారు. నా దృష్టిలో ఆమె ఈ గొలుసులో మొదటి నిపుణురాలు. బట్టకు ధర కట్టి, ఆ ధర మన చేతిలో పెట్టి తీసుకెళుతుంది. సేకరణ డబ్బాలో మనం ఉచితంగా పడేసేటప్పుడు లోపలి సరుకు ఎలాంటిదన్నది మనకు పట్టదు. గిన్నె కోసం బేరమాడేటప్పుడు చిరిగినదాన్ని మడతలో దాచడానికి ప్రయత్నిస్తాం. (నవ్వులు) అంటే నాణ్యత లెక్కలోకి వచ్చినట్టే కదా.

ఇక ప్రశ్నలు అడగండి.

విద్యార్థిని: మేడమ్, మేం పాత బట్టలు కొనుక్కుంటే పరిస్థితి మెరుగవుతుందా?

ఒకటి కొన్నందుకు ఒక కొత్తది కొనడం మానేస్తే, తప్పకుండా. చవకగా వచ్చిందని రెండూ కొంటే లేదు. ఉన్నవాటిని ఎక్కువకాలం తొడగడం కంటే లాభసాటి పునర్వినియోగం ఏదీ నా లెక్కల్లో తేలలేదు. మా శాఖలో ఈ మాట చెబితే పరిశోధనకు నిధులు రావు, అది వేరే విషయం. (నవ్వులు)

మరో విద్యార్థి: ప్రభుత్వం ఏమైనా చెయ్యగలదా?

సిరిసిల్ల గుర్తు చేసుకోండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వస్తే మరమగ్గాలు నడిచాయి. ఆర్డరు ఆగినప్పుడు ఏమైందో పత్రికల్లో చదివాం. ఆ చీరల రంగు, నాణ్యత గురించి ఎన్ని విమర్శలున్నా, ఒక పెద్ద కొనుగోలుదారు ముందే పరిమాణం చెబితే ఒక ఊరు ఎలా నడుస్తుందో అక్కడ కనిపించింది. వసతి గృహాల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు ప్రభుత్వాలు కొంటూనే ఉంటాయి. ఆ టెండర్లలో ఇంత శాతం తిరిగి వడికిన దారం ఉండాలి అని ఒక్క నిబంధన చేరిస్తే, పది అవగాహన సదస్సులకంటే ఎక్కువ పని జరుగుతుంది. ఈ సదస్సుతో కలిపే చెబుతున్నాను.

ఒక పెద్దాయన: అమ్మా, మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేస్తాం. మీరు చెప్పిన పానిపట్ దారం మా మగ్గానికి పనికొస్తుందా?

మంచి ప్రశ్న అడిగారండీ. పేకకు, అంటే అడ్డంగా నేసే దారానికి, పనికొస్తుంది. జంపఖానాకు ఎలాగూ ముతక దారమే కావాలి, అది వాళ్ల దగ్గర చవకగా ఉంటుంది. మగ్గం మీద నిలువుగా బిగించే పడుగుకు మాత్రం వద్దు. పింజ పొట్టిది కాబట్టి మగ్గం బిగువుకు తెగుతుంది, అతుకులు వేసుకోవడంతోనే పొద్దు పోతుంది. ఇంకో రెండు సంగతులు చూసుకోండి. ఆ దారానికి రంగు అద్దరని చెప్పాను కదా, అందువల్ల ఒక లాటుకూ ఇంకో లాటుకూ ఛాయ తేడా వస్తుంది. ఒక జంపఖానాకు సరిపడా దారమంతా ఒకే లాటులోంచి అడగండి. రెండోది, వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నమోదులో ముడిసరుకు గురించి ఏం రాశారో మీ సంఘంలో ఒకసారి చదివించుకోండి. కుదరకపోతే వీటిని వేరే పేరుతో అమ్మండి, ఆ గుర్తింపుకు మచ్చ తేవద్దు. ముందు ఒక్క మూట తెప్పించి, రెండు మగ్గాల మీద నేసి, ఉతికి చూడండి. నచ్చితే కనీసం మూడు నెలలకు ధర మారకుండా మిల్లువాళ్లతో కాగితం రాయించుకోండి. నోటి మాట మీద మాత్రం పడుగు ఎక్కించకండి.